ఫిర్యాదు అందిన రోజు నుంచి లెక్క చూడాలి

2024 జూన్ 26న ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌కు ఒక ఫిర్యాదు వెళ్లింది. రాసింది సివిల్స్‌కు చదువుకుంటున్న ఒక కుర్రాడు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్లు అనుమతి లేకుండా సెల్లార్లలో క్లాసులు నడుపుతున్నాయని, విద్యార్థుల ప్రాణాలకు ముప్పు ఉందని అందులో ఉంది. రావుస్ ఐఏఎస్ స్టడీ సర్కిల్ పేరు కూడా ఉంది. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మళ్లీ రాశాడు. జూలై 27 శనివారం సాయంత్రం భారీ వాన కురిసింది. రోడ్డు మీద నిలిచిన నీరు రావుస్ భవనం సెల్లార్‌లోని లైబ్రరీలోకి విరుచుకుపడింది. ముగ్గురు చనిపోయారు. ఉత్తరప్రదేశ్ నుంచి ఒక అమ్మాయి, తెలంగాణ నుంచి ఒక అమ్మాయి, కేరళ నుంచి ఒక అబ్బాయి.

ఈ రెండు తేదీల మధ్య ఉన్న నెల రోజులే అసలు కేసు అని నా నమ్మకం. దర్యాప్తు మొదలైనప్పుడు మాత్రం ఆ నెల ఎవరికీ కనిపించలేదు. వాన పడిన గంట ఒక్కటే కనిపించింది.

రాజిందర్ నగర్ పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి అప్పటికి నెల కూడా నిండలేదు. పెట్టిన సెక్షన్లలో ముఖ్యమైనవి రెండు. 105, అంటే హత్య కిందకు రాని నేరపూరిత నరహత్య. 106(1), అంటే నిర్లక్ష్యం వల్ల మరణం. కోచింగ్ సెంటర్ యజమానినీ, కోఆర్డినేటర్‌నూ మర్నాడే అరెస్టు చేశారు. ఆ మర్నాడు మరో ఐదుగురిని పట్టుకున్నారు. వారిలో నలుగురు సెల్లార్ సొంతదారులు. ఐదో మనిషి ఆ నీటిలో తన ఎస్‌యూవీ నడుపుకుంటూ వెళ్లిన డ్రైవర్. ఆ బండి రేపిన అలల తాకిడికి గేటు విరిగి నీళ్లు లోపలికి వచ్చాయన్నది పోలీసుల వాదన. నీళ్లు నిలిచిన రోడ్డు మీద కారు నడిపిన మనిషి మీదా అదే 105! మేజిస్ట్రేటు జూలై 31న ఆయనకు బెయిల్ నిరాకరించారు. మరుసటి రోజు ఆ సెక్షన్‌ను ఆయనపై కొనసాగించడం లేదని పోలీసులే సెషన్స్ కోర్టుకు చెప్పారు, బెయిల్ వచ్చింది. ఢిల్లీ హైకోర్టులో తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ మన్మోహన్, జస్టిస్ తుషార్ రావు గేదెల ధర్మాసనం ఈ తీరును గట్టిగా ఆక్షేపించింది. వాన నీటికి చలానా రాయనందుకు సంతోషించాలని అన్నది. ఆగస్టు 2న దర్యాప్తును సీబీఐకి అప్పగించి, కేంద్ర విజిలెన్స్ కమిషన్ పర్యవేక్షణలో ఉంచింది.

ఆ మొదటి వారంలో అరెస్టయిన ఏడుగురిలో కార్పొరేషన్ ఉద్యోగి ఒక్కరూ లేరు. ఒక జూనియర్ ఇంజనీర్‌ను ఉద్యోగం నుంచి తొలగించారు, ఒక అసిస్టెంట్ ఇంజనీర్‌ను సస్పెండ్ చేశారు. అది శాఖాపరమైన చర్య. క్రిమినల్ చట్టం దాకా వెళ్లలేదు.

105కూ 106కూ మధ్య గీత ఎక్కడుందో చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. తన పని వల్ల మనిషి చనిపోయే అవకాశం ఉందని తెలిసి కూడా చేస్తే 105 వర్తిస్తుంది, శిక్ష పదేళ్ల దాకా పడొచ్చు. తెలియక, ఒళ్లు దగ్గర పెట్టుకోక చేస్తే 106(1), గరిష్ఠంగా ఐదేళ్లు. పాత ఐపీసీ 304ఎ కింద ఇది రెండేళ్లే. మొత్తం తేడా తెలిసి ఉండటంలోనే ఉంది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఆ ముప్పు తమకు తెలుసని కాగితం మీద ఎవరి దగ్గర రుజువుంది? ఎస్‌యూవీ డ్రైవర్ దగ్గర లేదు. 2021లో ఈ భవనానికి కంప్లీషన్ సర్టిఫికెట్ ఇచ్చిన కార్పొరేషన్‌లో ఉంది. ఆ అనుమతుల్లో సెల్లార్ పార్కింగ్‌కూ సామాను నిల్వకూ మాత్రమే. దుర్ఘటనకు 18 రోజుల ముందు, జూలై 9న, అగ్నిమాపక శాఖ ఇచ్చిన సర్టిఫికెట్‌లోనూ సెల్లార్ అంటే నిల్వ గదే. తనిఖీకి వెళ్లిన వారికి అక్కడి బల్లలూ కుర్చీలూ కనిపించి ఉండాలి. కనిపించలేదంటే లోపలికి వెళ్లకుండానే సంతకం పెట్టారన్నమాట. జూన్ 26 ఫిర్యాదు వీటన్నిటికీ పైన.

దుర్ఘటన మర్నాడు కార్పొరేషన్ అదే ప్రాంతంలో 13 కోచింగ్ సెంటర్ల సెల్లార్లకు సీలు వేసింది. ఒక్క రోజులో 13 చోట్లకు వెళ్లి తాళం వేయగలిగారంటే, ఎక్కడ ఏం నడుస్తోందో కనుక్కోవడం ఆ ఆఫీసుకు కష్టమైన పనేమీ కాదు.

సెల్లార్‌లో లైబ్రరీ ఎందుకు వెలిసిందో కూడా చెప్పుకోవాలి. దేశ విభజన తర్వాత శరణార్థుల కోసం ఏర్పడిన కాలనీ ఇది. ఇళ్లు చిన్న చిన్న ప్లాట్లలో ఉంటాయి. ఇప్పుడు ఆ ఇళ్లలోనే కోచింగ్ సెంటర్లు, పీజీలు, మెస్‌లు, జిరాక్స్ షాపులు. ఒక గదిని చెక్కలతో రెండు మూడుగా విడగొట్టి అద్దెకిస్తారు. మంచం వేస్తే టేబుల్ పట్టని చోట చదవలేక పిల్లలు నెలకింత కట్టి లైబ్రరీలో సీటు తీసుకుంటారు. పై అంతస్తులకు అద్దె ఎక్కువ, సెల్లార్ చవక. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ప్రిలిమ్స్ పాసై, మెయిన్స్‌కు టెస్ట్ సిరీస్ రాయాలని రైలెక్కే మన పిల్లలు చేరేది ఈ సందుల్లోకే. ఆ ఏడాది ప్రిలిమ్స్ ఫలితాలు జూలై 1న వచ్చాయి, మెయిన్స్ సెప్టెంబర్ 20 నుంచి. జూలై ఆఖరు అంటే సీటు వదిలి లేవని రోజులు. వాన పడుతోందని లైబ్రరీ నుంచి ముందే వెళ్లిపోవాల్సిందని ఆ పిల్లలను తప్పుపట్టిన వాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఇలాంటి కేసులు మన కోర్టుల్లో చివరికి ఎక్కడ తేలతాయో ఢిల్లీకి బాగా తెలుసు. 1997 జూన్ 13న ఉపహార్ సినిమా హాల్లో మంటలు, పొగ 59 మందిని బలిగొన్నాయి. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2015లో సుప్రీంకోర్టు యజమానులైన అన్సల్ సోదరులకు అప్పటికే గడిపిన జైలు చాలంటూ, తలా 30 కోట్ల జరిమానా వేసింది. దానికి ముందు, 1996లో, భోపాల్ కేసులో నేరపూరిత నరహత్య అభియోగాన్ని అదే న్యాయస్థానం నిర్లక్ష్యం కిందకు దించింది. వేల మంది చనిపోయిన కేసులో 2010లో పడిన శిక్ష రెండేళ్లు. రాజిందర్ నగర్ సెల్లార్ సొంతదారులకు 2024 సెప్టెంబర్‌లో మధ్యంతర బెయిల్ ఇస్తూ హైకోర్టు రెడ్‌క్రాస్‌కు 5 కోట్లు జమ చేయమంది. వారి మీద నేరం తేలాల్సింది విచారణలో, నేను ముందే తీర్పు చెప్పను. కానీ ఎంత పెద్ద మొత్తమైనా ఆ ఫిర్యాదు ఎవరి టేబుల్ మీద ఆగిందో చెప్పదు.

మన దగ్గర పరిస్థితి వేరుగా లేదు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో కింద ఉన్న ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ నుంచి రేగిన మంట, పొగ పైన బస చేసిన 8 మందిని చంపాయి. పోలీసులు యజమానులను అరెస్టు చేశారు. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోతే, చిక్కడపల్లి పోలీసులు అదే 105 సెక్షన్‌తో కేసు పెట్టి, పదో రోజున నటుడు అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు. హైకోర్టు ఆ రోజే మధ్యంతర బెయిల్ ఇచ్చింది. పెద్ద సెక్షన్, హడావిడి అరెస్టు, వెంటనే బెయిల్: ఈ వరస జనం కోపాన్ని చల్లార్చడానికి పనికొస్తుంది. కోర్టులో నిలబడే సాక్ష్యం కావాలంటే ఆఫీసు ఫైళ్లు కావాలి. వాటిని సీజ్ చేయడం అరెస్టంత ఆర్భాటంగా ఉండదు, కెమెరాలూ రావు. అయినా దర్యాప్తు అధికారులు మొదటి రోజే ఆ పని చేయాలని అంటున్నాను. నెల గడిస్తే ఫైలు మీద నోట్లు మారిపోతాయి.

ప్రభుత్వ ఉద్యోగిని విచారించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, విధి నిర్వహణలో చేసిన పనులకు ఆ రక్షణ ఉంది. అయితే కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్‌లో ఒక మార్పు తెచ్చారు. అనుమతి కోరిన 120 రోజుల్లోగా ప్రభుత్వం తేల్చకపోతే, అనుమతి ఇచ్చినట్టే లెక్క. పాత చట్టంలో ఫైలు ఏళ్ల తరబడి సచివాలయంలో పడి ఉండేది, కేసు చచ్చిపోయేది. ఇప్పుడా సాకు లేదు. దర్యాప్తు సంస్థ అనుమతి అడిగిందా, ఏ తేదీన అడిగింది, 120 రోజులు ఎప్పుడు నిండాయి అన్నవి బాధిత కుటుంబాలు కోర్టు ద్వారా రాబట్టుకోదగిన వివరాలు. అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట సెల్లార్ల మీద ఇప్పటికే అందిన ఫిర్యాదుల జాబితానూ, ఒక్కోదాని మీద ఏం చేశారన్న వివరాన్నీ జీహెచ్‌ఎంసీ వార్డుల వారీగా బయట పెట్టాలి. వచ్చే వానాకాలానికి ముందే పెట్టాలి.