క్యూలో మన వెనక నిలబడ్డవాళ్లు

వేసవి సెలవులకు ముందు మన తెలుగు బడిలో ఆఖరి శుక్రవారం తరగతి. 'మా ఊరి ప్రయాణం' మీద ఐదు వాక్యాలు రాయమని పిల్లలకు చెప్పాను. మామిడిపళ్లు, తాతయ్యగారి పొలం, గేదెలు, పెళ్లిళ్లు... ఇవే వస్తాయనుకున్నాను. ఒక పాప మాత్రం ఇలా రాసింది: "మా అమ్మమ్మ దగ్గరికి వెళ్లాలంటే ఏడు క్యూలు దాటాలి. ఏడో క్యూ అయిపోయాక అమ్మమ్మ ఉంటుంది."

కథల్లో రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి వెళ్లినట్టుందే అని నవ్వుకున్నాను. ఇంటికి వచ్చాక వేళ్లమీద లెక్కపెట్టి చూస్తే పాప రాసింది అక్షరాలా నిజం! దోహాలో బ్యాగులు తూచే దగ్గర ఒకటి, పాస్‌పోర్టు దగ్గర రెండు, సెక్యూరిటీ దగ్గర మూడు, విమానం ఎక్కే గేటు దగ్గర నాలుగు. హైదరాబాదులో దిగాక మళ్లీ పాస్‌పోర్టు దగ్గర ఐదు, లగేజీ బెల్టు దగ్గర ఆరు, కస్టమ్స్ దగ్గర ఏడు. ఆ తర్వాతే అమ్మమ్మ.

అల్ వక్రాలో ఉండే మనకు ఎయిర్‌పోర్టు నిజానికి దూరం కాదు. రోడ్డు ఖాళీగా ఉంటే ఇరవై నిమిషాలు. మెట్రో రెడ్ లైన్‌లో వెళ్తే ఒక్కచోట మారితే చాలు. ఇంత దగ్గర ఉండి కూడా వేసవిలో ఊరికి వెళ్లడం ఒక యజ్ఞంలా తయారైంది. దాని గురించి నాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచికలో మీతో పంచుకోవాలనిపించింది.

మొదటి సంగతి, మనమందరం ఒకేసారి బయలుదేరుతాం. ఇక్కడి ఇండియన్ స్కూళ్లన్నీ ఇంచుమించు ఒకే వారంలో మూతపడతాయి. ఎండలకు భయపడి కుటుంబాలన్నీ అప్పుడే కదులుతాయి. రెండేళ్లకోసారి సెలవు దొరికే కార్మికులు కూడా చాలామంది ఆ రోజుల్లోనే బయలుదేరతారు. సీట్లు మాత్రం అందుకు తగ్గట్టు పెరగవు. రెండు దేశాల మధ్య వారానికి ఇన్ని సీట్లు అని ఒప్పందం ఉంటుంది, దాన్ని మించి విమానాలు నడపడానికి వీల్లేదు. కాబట్టి మామూలు ధరకు రెండింతలు అడిగినా నోరు మూసుకుని కొంటాం.

రెండో సంగతి, కొన్న టికెట్టుకు కూడా ఇప్పుడు భరోసా లేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. 2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. దుబాయ్ మీదుగా, షార్జా మీదుగా టికెట్లు కొనుక్కున్నవాళ్లు మస్కట్, కువైట్ దారులు వెతుక్కున్నారు. ఆ పరిస్థితి 2021 జనవరిదాకా సాగింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ విమానాలు పూర్తిగా ఆగిపోయాయి, సరిగ్గా వేసవి ముందు. 2020 మార్చిలో ఇండియా అంతర్జాతీయ విమానాలన్నీ ఆపేస్తే, మామూలు రాకపోకలు మళ్లీ మొదలయ్యేసరికి 2022 మార్చి 27 అయింది. ఇక 2025 జూన్ 23 సాయంత్రం గగనతలం మూసేశారన్న వార్త రాగానే మన వాట్సాప్ గ్రూపులన్నీ ఎలా మోగిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. కొన్ని గంటలే మూసినా, ఆ చిక్కు విడిపోవడానికి రోజులు పట్టింది. అదే నెలలో అహ్మదాబాదు ప్రమాదం తర్వాత ఎయిరిండియా పెద్ద విమానాలతో నడిపే అంతర్జాతీయ సర్వీసుల్లో 15 శాతం తగ్గించింది.

2017 నుంచి 2025 దాకా తొమ్మిది వేసవులు. అందులో కనీసం ఐదు వేసవుల్లో ఏదో ఒక పెద్ద అడ్డంకి! ఇది మన ప్రాంతానికే పట్టిన శని అనుకోకండి. 2022 వేసవిలో సిబ్బంది చాలక లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులోనే రోజుకు లక్షమందికి మించి ప్రయాణికులు బయలుదేరకూడదని పరిమితి పెట్టారు. అంటే విమానం రద్దు కావడం ఇక వింత కాదు, వానాకాలంలో వానలాంటిదే. గొడుగు మనమే పట్టుకెళ్లాలి.

అయితే క్యూలు దేవుడు పెట్టినవి కావు. మనుషులు పెట్టినవి, మనుషులే తగ్గించగలరు. తగ్గించారు కూడా. ఒకప్పుడు ఇండియాలో దిగేటప్పుడు విమానంలో ఒక కార్డు నింపాలి, బయలుదేరేటప్పుడు ఇంకో కార్డు నింపాలి. పెన్ను కోసం వెతుక్కోవడం, పాస్‌పోర్టు నంబరు తప్పు రాసి కొట్టేయడం... ఆ తంతు పెద్దవాళ్లకు గుర్తుంటుంది. మనవాళ్లకు దిగే కార్డు 2014లో, బయలుదేరే కార్డు 2017 జూలై 1న ఎత్తేశారు. ఖతార్‌లో 2018 దాకా కార్మికుడు ఊరికి వెళ్లాలంటే యజమాని ఇచ్చే ఎగ్జిట్ పర్మిట్ ఉండాల్సిందే. 2018 చట్టంతో ఎక్కువమందికి, 2020 జనవరిలో ఇళ్లల్లో పనిచేసేవాళ్లతో సహా మిగిలిన చాలామందికి ఆ బెడద తీరింది. హమద్ ఎయిర్‌పోర్టులో ఖతార్ ఐడీ ఉన్నవాళ్లకు ఈ-గేట్లు వచ్చాయి. 2025 జనవరి నుంచి శంషాబాదులోనూ ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్ మొదలైంది. ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టి ఒకసారి వేలిముద్రలు, ముఖం ఫొటో ఇస్తే, ఆ తర్వాత గేటు దానంతట అదే తెరుచుకుంటుంది. రుసుము లేదు. అయిదేళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు ముగిసేదాకా, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. ఇంకా నమోదు చేసుకోనివాళ్లు ఈ వారమే చేసుకోండి.

ఇంతకీ ఎవరికి తగ్గాయి ఈ క్యూలు? ఎక్కువగా మీకూ నాకూ. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లకు. మన వెనక నిలబడ్డవాళ్ల సంగతి వేరు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టును ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. ఖతార్‌తో సహా 18 దేశాలకు వాళ్లు పనికి రావాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఏజెంట్ల మోసాల నుంచి కాపాడడానికే ఆ నియమం పెట్టారు, మంచిదే. కానీ చదువు తక్కువైనవాడికి పరీక్ష ఎక్కువ అన్న సంగతి మాత్రం నిజం.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఒక వేసవిలో మా వారికి సెలవు దొరక్క, పిల్లలిద్దరినీ తీసుకుని నేనే బయలుదేరాను. నాలుగు పెట్టెలు, చిన్నవాడి ఏడుపు. బ్యాగుల క్యూ దగ్గర వెనక నుంచి ఒకాయన పలకరించాడు. "మేడమ్, మీరు తెలుగోళ్లేనా? గీ మెసేజ్ ఏందో జర సూడుండ్రి." మెసయీద్ వైపు క్యాంపులో ఉంటాడట. తండ్రి పోయాడట. "నాయిన మొకం సూసుడు ఎట్లా కాలే. ఎల్లుండి దినాలు మేడమ్, దానికన్న అందుకోవాలె" అన్నాడు.

ఫోన్ తీసుకుని మొదటి వాక్యం చదివాను. ఆయన ఎక్కాల్సిన విమానం రద్దయింది. "క్యాన్సిల్ అయిందట బాబూ. అదిగో, ఆ కౌంటర్లో అడగండి" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాను. "ఆడ తెలుగు వస్తదా మేడమ్?" అని అడిగాడు. "హిందీ వస్తుంది లెండి" అన్నాను. మా వరస కదిలింది. మేమూ కదిలాం.

పాస్‌పోర్టు దాటి లోపలికి వచ్చాక మా అమ్మాయి అడిగింది. "అమ్మా, ఆ అంకుల్‌కి మొత్తం ఎందుకు చదివి చెప్పలేదు? కింద ఇంకా ఉంది కదా. రేపటి ఫ్లైట్‌కి ఫ్రీగా మార్చుకోవచ్చట. సాయంత్రం ఆరులోపు లింక్ నొక్కాలట." నా పక్కన నిలబడి అది చదివేసింది, నేను చదవలేదు. వాచీ చూసుకుంటే ఐదుంపావు. పాస్‌పోర్టు మీద బయటికి వెళ్లినట్టు నమోదయ్యాక మళ్లీ వెనక్కి వెళ్లడం మన చేతుల్లో ఉండదు కదా. మర్నాటి విమానం దొరికినా ఆయన తండ్రి దినాలకు అందేవాడు. అందాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అంటారు చూడండి, ఆ రోజు నేను చేసింది అదే. కార్డులు నింపే రోజుల్లో పెన్ను అరువిచ్చేవాళ్లం, పక్కవాడి కార్డు మనమే నింపి పెట్టేవాళ్లం. కార్డులు పోయాయి, దాంతోపాటు ఆ అలవాటూ పోయింది. ఇప్పుడు అంతా ఫోన్లోనే. టికెట్టూ అందులోనే, రద్దయిన కబురూ అందులోనే, గడువూ అందులోనే, అదీ ఇంగ్లీషులో. అన్ని క్యూలూ తగ్గుతుంటే చదవడం రానివాడి క్యూ ఒక్కటే పెరుగుతోంది. దాన్ని తగ్గించడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. మనం చాలు.

అందుకే మన బడికి ఒక ప్రతిపాదన. మే నెల మధ్య నుంచి సెలవులు ఇచ్చేదాకా ప్రతి శుక్రవారం తరగతి అయ్యాక ఒక గంట 'చదివి పెట్టే గంట' అని పెడదాం. వక్రా, మెసయీద్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు ఎవరైనా టికెట్టో, మెసేజో పట్టుకుని రావచ్చు. పై తరగతి పిల్లలు దాన్ని చదివి, తెలుగులో చెప్పాలి. పక్కన ఒక పెద్దవారు ఉంటారు. టికెట్లు కొనిపెట్టడం, డబ్బు చేతులు మారడం ఏమీ ఉండదు. చదివి చెప్పడమే.

"ఇది బడి చేసే పనా? ఎంబసీ లేదా, ఐసీబీఎఫ్ లేదా?" అని కొందరు అడగవచ్చు. ఉన్నాయి, పెద్ద కష్టాల్లో ఎంతో ఆదుకుంటున్నాయి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇచ్చేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది, అదీ మంచి పనే. కానీ బతికున్న మనిషికి సాయంత్రం ఆరులోపు ఒక మెసేజ్ చదివి చెప్పడానికి ఎంబసీ రాలేదు. పక్కన నిలబడ్డవాడే చెప్పాలి. పైగా "మా పిల్లలకు ఈ తెలుగు ఎక్కడ పనికొస్తుందండీ?" అని ఏటా నన్ను అడిగే తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇక మన ఇళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని. టికెట్టు ఏజెంటు దగ్గర కొన్నా అందులో మీ సొంత ఫోన్ నంబరు, ఈమెయిలు ఉండేలా చూసుకోండి. లేకపోతే రద్దయిన కబురు ఏజెంటుకే వెళ్తుంది. మధ్యలో విమానం మారేటట్టయితే రెండు వేర్వేరు టికెట్లు కాకుండా ఒకే టికెట్టు మీద కొనండి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని బాధ్యత అప్పుడే కంపెనీ మీద ఉంటుంది. పాస్‌పోర్టు గడువు, ఐడీ గడువు సెలవు పెట్టేముందే చూసుకోండి. విమానం రద్దయితే ఇండియా నియమాల ప్రకారం వేరే విమానమో, డబ్బు వాపసో కోరవచ్చు. ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి విమాన సంస్థే బాధ్యత వహించాలని 1999 మాంట్రియల్ ఒప్పందం చెబుతోంది. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని సంస్థ చూపించగలిగితే తప్ప తప్పించుకోలేదు. ఇండియా, ఖతార్ రెండూ అందులో ఉన్నాయి. కాబట్టి రసీదులన్నీ దాచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మెసేజ్ చివరిదాకా చదవండి. ఈ మాట చెప్పే అర్హత నాకు ఆ రోజు పోయింది, ఆ రోజే వచ్చింది కూడా.

ఆ పాప నోటుబుక్కులో 'చాలా బాగుంది' అని రాసి ఇచ్చాను. ఏడు క్యూలు దాటితే అమ్మమ్మ ఉంటుందని ఆ పాపకు తెలుసు. మన వెనక నిలబడ్డవాళ్లకు కూడా ఏడో క్యూ అవతల ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉంటారు.

బల్లలు, కుర్చీలు బడిలోనే ఉన్నాయి. శుక్రవారం ఒక గంట ఇవ్వగలిగిన తల్లిదండ్రులు ఏప్రిల్ లోపల మీ పేర్లు ఇవ్వండి. మొదటి పేరు నాదే. పిల్లల్లో మొదటి పేరు మా అమ్మాయిది.