స్కాలర్‌షిప్ ఒక్కటే శాస్త్రవేత్తను చేయదు

మోడెర్నా కొవిడ్ టీకాకు పునాది వేసిన అమెరికా ప్రభుత్వ పరిశోధన బృందాన్ని ముందుండి నడిపినవారిలో కిజ్మెకియా కార్బెట్ ఒకరు. ఆమె 2008లో డిగ్రీ పూర్తిచేసింది హార్వర్డ్‌లోనో, ఎంఐటీలోనో కాదు. బాల్టిమోర్ శివార్లలో 1966లో మొదలైన ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో. దాన్ని అందరూ యూఎంబీసీ అంటారు. అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన జెరోమ్ ఆడమ్స్ చదువుకున్నదీ అక్కడే. ఇద్దరూ మైయర్‌హాఫ్ స్కాలర్లే.

యూఎంబీసీలో చేరిన నల్లజాతి విద్యార్థుల్లో చాలామంది సైన్సు, గణితం దగ్గర తడబడి వెనుదిరుగుతున్న రోజులవి. 1988లో దాత రాబర్ట్ మైయర్‌హాఫ్, గణితం చదివిన విద్యావేత్త ఫ్రీమన్ హ్రబౌస్కీ కలిసి వారిని నిలబెట్టే మైయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమానికి రూపం ఇచ్చారు. హ్రబౌస్కీ సామాన్యుడు కాదు. 1963లో బర్మింగ్‌హామ్ బాలల ఊరేగింపులో నడిచి, పన్నెండేళ్ల వయసులోనే జైలుకు వెళ్లారు. 1989లో 19 మంది నల్లజాతి అబ్బాయిలతో తొలి బ్యాచ్ మొదలైంది. 1990లో అమ్మాయిలు వచ్చారు. అదే రాష్ట్రంలోని మరో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులకే ఇచ్చే స్కాలర్‌షిప్ చెల్లదని 1994లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. ఆ తర్వాత, 1996 నుంచి, మైయర్‌హాఫ్ అన్ని జాతులవారికీ తలుపులు తెరిచింది. అయినా దాని స్వభావం చెదరలేదు. కారణం, అది మొదటినుంచీ డబ్బు పంచే పథకం కాకపోవడమే.

మరి అక్కడ జరిగేదేమిటి? తరగతులు మొదలవకముందే, వేసవిలో ఆరు వారాలపాటు కొత్త బ్యాచ్‌ను ఒకేచోట ఉంచి చదివిస్తారు. లెక్కలు, సైన్సుతోపాటు కలిసి చదవడం కూడా అక్కడే అలవాటవుతుంది. పక్కవాడికి అర్థంకాకపోతే అది నీ సమస్య కూడా అన్నది అక్కడి పద్ధతి. ర్యాంకుల కోసం ఒకరి నోట్సు ఇంకొకరికి కనపడకుండా దాచుకునే మన కార్పొరేట్ కాలేజీ సంస్కృతికి ఇది పూర్తిగా తలకిందులు. కీలకమైన సబ్జెక్టులో సీ గ్రేడు వస్తే, పాసయ్యావు కదా అని ముందుకు తోయరు, మళ్లీ చదవమంటారు. చేరిన కొద్దికాలానికే ల్యాబ్‌లోకి పంపుతారు. హెచ్‌ఐవీ నిర్మాణంపై పేరుపొందిన మైకేల్ సమర్స్ ప్రయోగశాలలో డిగ్రీ పిల్లలు గ్లాసులు కడగడానికి కాదు, పరిశోధన చేయడానికే ఉంటారు. పరిశోధకులను తయారుచేయగలిగేది పరిశోధకులేనన్నది హ్రబౌస్కీ వాదన.

ఫలితాలను కొలిచిన తీరు కూడా గమనించదగ్గది. సీటు వచ్చినా వద్దనుకుని వేరే విశ్వవిద్యాలయాలకు వెళ్లినవారితో పోల్చారు. వారికంటే మైయర్‌హాఫ్ విద్యార్థులు సైన్సు, ఇంజినీరింగ్ పీహెచ్‌డీల వైపు వెళ్లే అవకాశం సుమారు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. వద్దనుకున్నవారి లక్ష్యాలే వేరు కావచ్చు, కాబట్టి ఆ ఐదు రెట్లలో ఎంత కార్యక్రమం ఘనతో కచ్చితంగా చెప్పలేం. అయితే పెన్ స్టేట్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాలు 2013లో ఇదే నమూనాను తమ గడ్డపై నాటితే అక్కడా మొలకెత్తింది. అంటే ఇది ఒక్క హ్రబౌస్కీ మహిమ కాదు.

ఇప్పుడు మన సంగతి. సైన్సు విద్యార్థుల కోసం కేంద్రం 1999లో మొదలుపెట్టిన కేవీపీవై పథకం పరీక్ష, ఫెలోషిప్‌లతోపాటు శిబిరాలూ నిర్వహించేది. 2022లో దాన్ని కేంద్రానిదే మరో పథకమైన ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. ఇన్‌స్పైర్ కింద బీఎస్సీ విద్యార్థికి ఏడాదికి 80 వేల రూపాయలు. అందులో 20 వేలు వేసవి పరిశోధనకు. కానీ గైడ్‌ను వెతుక్కోవాల్సింది విద్యార్థే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివే పిల్లకు పక్క భవనంలోనే గైడ్ దొరుకుతారు. ఆసిఫాబాద్‌లోనో, పాడేరులోనో డిగ్రీ చదివే పిల్ల ఎవరికి మెయిల్ పెట్టాలి? పెట్టినా జవాబిచ్చేదెవరు?

రాష్ట్రాల స్థాయిలో ప్రయత్నమే లేదనడం అన్యాయం. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థి ప్రాజెక్టులు నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ పెట్టింది. మంచి లెక్చరర్ దొరికినచోట ఇవి నిజంగా బాగున్నాయి. మిగతాచోట్ల ఏం జరుగుతుందో కాలేజీ గేటు ఎదుట జిరాక్స్ షాపువాణ్ని అడిగితే చెబుతాడు: పోయినేడు రిపోర్టుకు అట్ట మారుతుంది, పేరు మారుతుంది. తప్పు పిల్లలది మాత్రమే కాదు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కు ప్రాజెక్టు చూసినందుకు పైసా రాదు. ఇక మూడేళ్లలో 75 శాతం, ఆపైన మార్కులు వచ్చినవారికి నాలుగో ఏడాది పరిశోధనతో ఆనర్స్ అని యూజీసీ అంటోంది. మూడేళ్లూ ల్యాబ్‌లో రికార్డు కాపీ చేసినవాడికి నాలుగో ఏడు ఒక్కసారిగా పరిశోధన వంటబడుతుందా?

కలిసి చదవడంలో నాయకత్వ శిక్షణా ఉంది. కానీ నాయకత్వం మాటకొస్తే మనకది పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు, వేదిక మీద గ్రూప్ ఫొటో. జూనియర్‌కు కాల్‌క్యులస్ అర్థమయ్యేదాకా సీనియర్ పక్కన కూర్చోవడం అంతకంటే పెద్ద శిక్షణ.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. గురుకుల డిగ్రీ కాలేజీల్లో హాస్టళ్లున్నాయి, పిల్లలు కలిసే ఉంటున్నారు. సీసీఎంబీ, తిరుపతి ఐసర్ వంటి సంస్థలు మన మధ్యే ఉన్నాయి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల నుంచి ఒక చిన్న బ్యాచ్‌ను ఎంపికచేసి, ఆ సంస్థల శాస్త్రవేత్తలకు మూడేళ్లపాటు అప్పగించాలి. గైడ్‌గా ఉండే లెక్చరర్‌కు ఆ పనిని బోధన గంటలుగా లెక్కకట్టి జీతం ఇవ్వాలి. వీటిలో రెండోదానికి ఒక్క జీవో చాలు. దాన్ని ఈ విద్యాసంవత్సరమే ఇవ్వొచ్చు.