ఎనిమిదో రోజు బారసాల



"మన ఏడాది ఉగాదితో గదా మొదలు, జనవరి ఒకటికి ఈ హడావిడి ఎందుకండీ?" అని పోయినసారి సభలో ఒక మిత్రులు మమ్మల్ని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. కాని క్రైస్తవుల ఇళ్ళలో ఈ తేదీకి మరో లెక్క వున్నది. డిసెంబరు 25ను మొదటి రోజుగా ఎంచితే జనవరి 1 ఎనిమిదో రోజు అవుతుంది. యూదుల ఆచారం ప్రకారం మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్తీ చేసి పేరు పెడతారు. యేసుకు ఆ రోజునే పేరు పెట్టారని లూకా సువార్త చెబుతుంది. అంటే మనం గోడమీద క్యాలెండరు మార్చే రోజున నిజానికి ఒక బాలింత ఇంట్లో బారసాల జరుగుతున్నదన్నమాట. మనకు పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో, వారికి ఎనిమిది.

లూథరన్, ఆంగ్లికన్ సంఘాలు దీన్ని యేసు నామకరణ దినంగా పాటిస్తాయి. కతోలికులు 1969లో తమ క్యాలెండరు సవరించుకున్నప్పుడు ఈ రోజును దేవమాత మరియమ్మ పండుగగా నిర్ణయించారు. మాలో ఒకరిది గుంటూరు లూథరన్ కుటుంబం, మరొకరు బెజవాడలో గుణదల మాత తిరునాళ్ళు చూస్తూ పెరిగినవారు. కనుక 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనకూ, మర్నాడు పొద్దున పూజకూ, రెంటికీ వెళ్ళవలసిందే. నిద్ర సంగతి మా పిల్లల్ని అడగండి, చెబుతారు.

ఇదే తేదీని ప్రపంచ శాంతి దినంగా జరుపుకోవాలని పోపు ఆరవ పౌలు కోరారు. మొదటిసారి జరిగింది 1968 జనవరి 1న. అప్పుడు వియత్నాంలో యుద్ధం నడుస్తున్నది. ఆ నెల ముగియక ముందే, వియత్నాం ప్రజల సంవత్సరాది 'టెట్' పండుగనాడే, ఆ దేశమంతటా పెద్ద దాడులు మొదలయ్యాయి. శాంతి కోసం ఒక కొత్త సంవత్సరం, యుద్ధానికి ఇంకో కొత్త సంవత్సరం, రెండూ ఒకే నెలలో!

శాంతిని తల్లి పండుగతో జతచేశారు గదా అని సంతోషిద్దామంటే, ఆ తల్లి పేరు మీద జరిగిన తగవు కూడా తక్కువది కాదు. 431లో ఎఫెసు పట్టణంలో బిషప్పులు సమావేశమై మరియమ్మను 'దేవుని తల్లి' అనవచ్చునా, కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్తోరియసు అన్నట్లు 'క్రీస్తు తల్లి' అనడమే సరియైనదా అని వాదించుకున్నారు. ఒక పక్షం నెస్తోరియసును పదవినుంచి తొలగిస్తే, ఆలస్యంగా వచ్చిన రెండో పక్షం అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్‌ను తొలగించింది. రెండేళ్ళకు, 433లో, సిరిల్, అంతియొకయ బిషప్పు యోహాను ఒక రాజీకి వచ్చారు. తూర్పున ఉన్న అస్సీరియన్ సంఘం మాత్రం వేరుగానే ఉండిపోయింది. 1994 నవంబరు 11న పోపు రెండవ జాన్ పాల్, ఆ సంఘపు పాట్రియార్కు నాల్గవ మార్ దిన్హా రోములో ఒక ప్రకటన మీద సంతకాలు చేస్తూ, ఆ తల్లిని రెండు విధాలుగా పిలిచినా విశ్వాసం ఒక్కటేనని ఒప్పుకున్నారు. పదిహేను వందల అరవై మూడేళ్ళు పట్టింది.

ఇంతమంది ఇంతకాలం వాదించుకున్న ఆ మనిషి చరిత్ర చూస్తే, గొర్రెల కాపరులు వచ్చి ఏవేవో వింతలు చెప్పిపోతే ఆమె వాటన్నిటినీ మనసులో దాచుకుని ఆలోచించుకుంటూ కూర్చున్నది. నలభై రోజులు నిండాక దేవాలయానికి వెళ్ళినప్పుడు గొర్రెపిల్లను తేగల స్తోమతు లేక, బీదలకు ధర్మశాస్త్రం అనుమతించిన రెండు పక్షులనే అర్పించారు. అలాగని ఆమెది నోరులేనితనం అనుకోకండి. బలవంతులను గద్దెల మీదనుంచి దించే దేవుణ్ణి గురించి పాట పాడిన మనిషి ఆమె. వినయం అంటే ఆడవాళ్ళు నోరు మూసుకుని పడివుండడమని కొన్ని ప్రసంగాల్లో విన్నాం. మేము ఒప్పుకోం.

మన తెలుగు బైబిలులో శాంతికి వాడిన మాట 'సమాధానం'. పిల్లవాణ్ణి నిలబెట్టి "సమాధానం చెప్పు" అని గద్దించేదీ ఈ మాటతోనే. దీన్ని గురించి మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా రెండో బిడ్డ పుట్టిన ఏడు, డిసెంబరులో, మాలో ఒకరి అమ్మగారు వచ్చారు. ఎవరి అమ్మ అన్నది చెప్పం; చెబితే ఇంట్లో మరో తగువు. ఒకనాడు బిడ్డకు నలుగుపెట్టి నీళ్ళు పోసి, పెట్టెలో తెచ్చుకున్న సాంబ్రాణి తీసి, కొబ్బరిచిప్ప ముక్కను పొయ్యిమీద కాల్చి ధూపం వేశారు. పొగకు మోగే గంట మోగింది. అపార్టుమెంట్ల వాళ్ళంతా కోట్లు తొడుక్కుని మంచులోకి దిగారు. ఫైరింజను వచ్చింది. వెళ్ళిన తరువాత మేమిద్దరం ఒకరి మీద ఒకరు పడిపోతూ ఆవిణ్ణి చీవాట్లు పెట్టాం. "ఇది మన ఊరు కాదు, ఎన్నిసార్లు చెప్పాలి? సమాధానం చెప్పరేం?" అన్నాం. ఆవిడ ఏమీ అనలేదు. మిగిలిన సాంబ్రాణి పొట్లం మడిచి పెట్టె అడుగున పెట్టేసుకున్నారు.

ఆ ఏడు పసిబిడ్డతో ఆరాధనకు వెళ్ళలేక 31 రాత్రి ఇంట్లోనే ప్రార్థన పెట్టుకున్నాం. పన్నెండు కొట్టేముందు ఒకరినొకరు మన్నింపు అడగడం మా ఇంటి అలవాటు. ఆవిడే ముందు లేచారు. "నావల్ల మీకు నలుగురిలో చిన్నతనమైంది, కడుపులో పెట్టుకోండి నాయనా" అన్నారు. కడుపులో పెట్టుకోమని పిల్లలు తల్లిని అడగాలి గాని, తల్లి పిల్లల్ని అడగడమేమిటి? మేము "పర్లేదు లెండి" అన్నాం. మేమే ఆవిణ్ణి మన్నించామన్నమాట!

మార్చిలో ఆవిడ తిరిగి వెళ్ళిపోయారు. ఆ బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఆదివారం ఫోన్లలో ధరల సంగతి, మోకాళ్ళ సంగతి, ఎవరి పెళ్ళి ఎప్పుడన్న సంగతి మాట్లాడుకున్నాం గాని, ఆనాటి మాట ఎత్తలేదు. ఈ శీర్షిక ఆలస్యంగా ఇచ్చినందుకు సంపాదకులు మన్నించాలి. ముందు ఆవిడకు ఉత్తరం వ్రాసి పోస్టు చేసి వచ్చి, ఆ తరువాత దీనికి కూర్చున్నాం.