‘వైండ్’ అను ఆంగ్లపదము

ప్రతి ఆంగ్లపదమునకు ఎదురుగా ఒక తెలుగు మాటను వ్రాసికొని వల్లించుట మన విద్యార్థులలో చిరకాలముగా నాటుకొనిన అలవాటు. పరీక్షలకై అచ్చగు గైడు పుస్తకములు ఈ యలవాటును మఱింత బలపఱచుచున్నవి. ఇందువలన మాటలు కంఠస్థమగునే గాని భాష వశము కాదని నా అభిప్రాయము. దీనిని నిరూపించుటకు పెద్ద పదములతో పనిలేదు. డబ్ల్యు, ఐ, ఎన్, డి అను నాలుగక్షరముల చిన్న పదమే చాలును.

ఈ నాలుగక్షరములను ‘విండ్’ అని పలికినయెడల గాలి యని అర్థము. ‘వైండ్’ అని పలికినయెడల చుట్టుట యని అర్థము. నూలును కండెకు చుట్టుట వైండ్. కొండమీదికి మెలికలు తిరుగుచు పోవు బాటను గూర్చియు, వంకరలు తిరుగుచు పాఱు ఏటిని గూర్చియు ఈ క్రియనే వాడుదురు. గడియారమునకు కీ ఇచ్చుటయు వైండ్ చేయుటయే. ఏలయనగా కీ త్రిప్పినప్పుడు లోపలి స్ప్రింగు బిగియ చుట్టుకొనును, పిదప అది విప్పుకొనుచు చక్రములను నడపును. బాటరీ గడియారములు వచ్చిన పిమ్మట ఈ పని పిల్లల కంటబడుట తగ్గినది గాని, మన పట్టణములలో ‘మోటారు వైండింగ్’ అను బోర్డును చూడని బాలుడు అరుదు. కాలిపోయిన మోటారులోని పాత రాగితీగను తీసివేసి, క్రొత్త తీగను చుట్టలుగా చుట్టి అమర్చుటయే అచ్చట జరుగు పని. ఆ బోర్డు క్రిందుగా బడికి వచ్చు బాలుడే, పాఠములో మెలికల బాటను వర్ణించుచు ఈ మాట వచ్చినప్పుడు ‘గాలి వీచు బాట’ యని వ్రాయును. అది తెలివితక్కువ కాదు. ఒక వ్రాతకు ఒకే యర్థ ముండునని వాడు నమ్మియున్నాడు.

వాస్తవమునకు ఇవి ఒక పదముయొక్క రెండర్థములు కావు. పుట్టుకచేతనే వేఱైన రెండు పదములు. 1884లో మొదటి భాగము వెలువడి 1928లో పూర్తియైన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు వీనిని వేర్వేఱుగనే చూపినది. చుట్టుట యను క్రియ ప్రాచీనాంగ్లమున ‘విందన్’ అను రూపమున నుండెను. గాలి యను పదము వీచుట యను అర్థముగల మఱియొక ధాతువునుండి వచ్చినది. లాటినులోని ‘వెంటుస్’, సంస్కృతములోని ‘వాత’ యను పదములు దానికి తోబుట్టువులు. మనము నిత్యము వాడు వాతావరణము అను మాటలో నున్నది ఆ వాతమే. కిటికీకి ఆంగ్లములో ‘విండో’ యని పేరు. ఇంగ్లండులో కాపురము చేసిన ఉత్తరదేశపు నార్సుజనుల భాషనుండి వచ్చిన ఆ మాటకు ‘గాలికన్ను’ అని అర్థము. సంస్కృతములో కిటికీకి గాలి వచ్చు త్రోవ యని వాతాయన మనియు, ఎద్దుకన్ను అని గవాక్ష మనియు పేర్లు. ఇంత దూరపు జనులు ఒక గోడరంధ్రమును చూచి కన్నును, గాలిని తలచుకొనుట ఎంత సొగసైన సంగతి!

ఒకప్పుడు ఈ రెండు పదముల ఉచ్చారణయు ఒకటిగానే యుండెను. ‘ఎన్, డి’ అక్షరములకు ముందున్న ఇకారము దీర్ఘమై, కాలక్రమమున ‘ఐ’గా మాఱినది, ‘ఫైండ్’, ‘బైండ్’, ‘గ్రైండ్’ అను మాటలును అట్లే యేర్పడినవి. గాలి యను పదమును మాత్రము 18వ శతాబ్దమున మరల హ్రస్వముగా పలుకసాగిరి. పూర్వపు ఆంగ్లకవులు దానికి ‘కైండ్’ అను మాటతో అంత్యప్రాస కూర్చుటకు కారణమిదియే.

‘వైండ్’ క్రియకు భూతకాలరూపము ‘వౌండ్’. గాయమను అర్థముగల ‘వూండ్’ అను మాటకును వ్రాత అదియే. ఇచ్చట పొరపాటు చాల దూరము పోవును. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలు అనువాదమున, యోహాను సువార్త 19వ అధ్యాయము 40వ వచనములో యేసు దేహమును సుగంధద్రవ్యములతో నారబట్టలలో చుట్టిరని చెప్పుచోటను, అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయము 6వ వచనములో అననీయ శవమును పడుచువారు చుట్టి మోసికొనిపోయిరని చెప్పుచోటను ఈ రూపమే కలదు. గాయ మను ఒక్క యర్థమునే ఎఱిగినవాడు, ప్రేమతో సమాధికి సిద్ధపఱచిన చేతులను గాయపఱచిన చేతులుగా చదువును. ఒక్క మాట తప్పుటచేత కథయంతయు తలక్రిందులగును.

మాటల పుట్టుక తెలిసినయెడల జ్ఞాపకమునకు ఎంత ఆధారమో చూడుడు. ‘గో’ అను క్రియకు భూతకాలము ‘వెంట్’ ఏల అయ్యెనని చిన్న తరగతుల పిల్లలు అడుగుదురు. అది మంచి ప్రశ్న. త్రిప్పుట, మరలిపోవుట యను అర్థముగల ‘వెండ్’ క్రియ ‘వైండ్’కు సంబంధించినది, దాని భూతకాలరూపమైన ‘వెంట్’ను ‘గో’ క్రియ తనదిగా చేసికొనినది. ఊరక తిరుగుట యను అర్థముగల ‘వాండర్’ కూడ ఈ కుటుంబములోనిదే. ‘విండ్‌మిల్’ గాలిచే తిరుగు మర. కాని ‘విండ్‌లస్’ గాలికి సంబంధించినది కాదు. అది త్రాటిని దుంగకు చుట్టుచు లంగరు మొదలగు బరువులను పైకి లాగు యంత్రము; చుట్టుట, దూలము అను అర్థములుగల రెండు నార్సుమాటలు కలిసి ఆ పేరైనది. కనుక చెవికి తోచిన పోలికనే మూలమని నమ్మరాదు. నిఘంటువును విప్పి చూడవలెను.

‘వైండ్ అప్’ అను జంటమాట మఱింత విచిత్రమైనది. గడియారమును వైండ్ అప్ చేసిన అది నడచును; కంపెనీని వైండ్ అప్ చేసిన అది మూతబడును! దీనిని చూచి ఆంగ్లము అర్థములేని భాష యని విసుగుకొనువారు తమ యింటి భాషను తలచుకొందురు గాక. పనులన్నియు ముగించుకొనుటను మనము ‘చుట్టబెట్టుకొనుట’ యందుము కదా! మన ‘చుట్టు’ ధాతువునకును పెద్ద సంసారము కలదు. చుట్టుకొని యుండువాడు చుట్టము. చుట్టబడిన పొగాకు చుట్ట. పొగచుట్టను మెచ్చుట నా యుద్దేశము కాదు గాని, ఆంగ్లేయులు దానిని పిలుచు ‘షెరూట్’ అను మాట సైతము, చుట్టబడినది యను అర్థముగల తమిళపదము ‘చురుట్టు’ నుండి వచ్చినదే. తన భాషలో మాటలు ఎట్లు పుట్టి పెరుగునో గమనించిన బాలుడు పరభాషలో అదే చూచినప్పుడు బెదరడు.

తరగతులు పెద్దవి, పరీక్షలు దగ్గఱ, ఈ చరిత్రలకు తీరిక యెక్కడిదని కొందఱు అడుగవచ్చును. ప్రతి మాటకును చరిత్ర చెప్పవలెనని నేను కోరుట లేదు. వారమునకొక మాట, అయిదు నిమిషములు చాలును. అర్థనిర్ణయమునకు పుట్టుకయే ప్రమాణమనియు నేననను. ‘వెంట్’ అనునపుడు నేడెవరును చుట్టుటను తలపరు. వాక్యమున మాట యెట్లు నిలిచినదో మొదట చూడవలెను; పిదప నిఘంటువు, ఆ పిదప పుట్టుక. ఈ మూడింటిలో నొకటియు వల్లించుటవలన వచ్చునది కాదు.

ఇందు ముఖ్యముగా నష్టపడువా రెవరు? ఇంట ఆంగ్లము వినని పిల్లలు. విన్న పిల్లవానికి ‘విండ్’ వేఱు, ‘వైండ్’ వేఱు అని చెవియే చెప్పును. తలిదండ్రులు పొలమునకో కూలికో పోవు బాలికకు కాగితముమీది వ్రాత తప్ప వేఱు ఆధారము లేదు. ఆమె తప్పు వ్రాసినప్పుడు మందమతి యని ముద్రవేయుట అన్యాయము. ఆ లోటును తీర్చుటకే బడి యున్నది.

కావున తలిదండ్రులకు నా మనవి: గైడులకు వెచ్చించు సొమ్ముతో ఇంటికొక మంచి నిఘంటువును కొనుడు. తోడి యుపాధ్యాయులకు మనవి: పాఠశాల నిఘంటువు బీరువాలో తాళమువేసి యుంచవలసిన వస్తువు కాదు, పిల్లల చేతులలో నలిగి అట్ట యూడుటయే దానికి గౌరవము. విద్యార్థులారా, క్రొత్తమాట యెదురైనప్పుడు దాని యర్థ మేమని మాత్రమే కాక, దాని పలుకుబడి యేమి, దాని చుట్టము లెవరని కూడ అడుగుడు. చుట్టములను ఎఱిగిన మాట మఱవబడదు.