గోల్‌పోస్టు నుంచి బొకారో దాకా

1962 సెప్టెంబర్ 4, జకార్తా. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌లో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ మొదటి ఇరవై నిమిషాల్లోనే చెరో గోల్ కొట్టేశారు. ఎదుట ఉన్నది దక్షిణ కొరియా. లీగ్ దశలో అదే జట్టు మనల్ని 2-0తో ఓడించింది. స్టేడియం నిండా జనం, వాళ్లంతా మనకు వ్యతిరేకులే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేసియా వీసాలు ఇవ్వకపోవడాన్ని మన క్రీడా ప్రతినిధి గురుదత్ సోంధీ బాహాటంగా తప్పుపట్టారు. దాంతో భారత రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. ఆ హోరులో 85వ నిమిషాన కొరియా ఒక గోల్ కొట్టింది. ఇంకొకటి పడితే మ్యాచ్ మళ్లీ మొదటికొస్తుంది. పడలేదు. గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డ మనిషి సికింద్రాబాద్ కుర్రాడు పీటర్ తంగరాజ్.

ఆ విజయం గురించి రాసేవాళ్లు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గర మొదలుపెడతారు, న్యాయంగానే. క్యాన్సర్‌తో బాధపడుతూనే జట్టును నడిపించిన ఆ హైదరాబాదీ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. ఆయన మీద అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ 2024లో విడుదలైంది. అందులో తంగరాజ్ పాత్ర కూడా ఉంది. కానీ క్రీడల సినిమాలకు పతకం మెడలో పడగానే కథ అయిపోతుంది. తంగరాజ్ ఆ తర్వాత ఇంకో 46 ఏళ్లు బతికారు. అందులో ఎక్కువ కాలం ఆడుతూ కాదు, నేర్పుతూ గడిచింది. ఆ భాగం మాత్రం ఎవరికీ పట్టలేదు.

ముందు ఆట సంగతి. 1935 డిసెంబర్‌లో పుట్టిన తంగరాజ్ సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడి, 1953లో సైన్యంలో చేరారు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో ఆయన మొదట సెంటర్ ఫార్వర్డ్. అంటే గోల్ కొట్టడం పనిగా ఉన్నవాడిని తీసుకెళ్లి గోల్ ఆపే చోట నిలబెట్టారు. ఆరడుగులు దాటిన ఎత్తు చూస్తే ఆ నిర్ణయం ఆశ్చర్యం కలిగించదు. 1955లోనూ 1958లోనూ ఆ సైనిక జట్టు డ్యూరాండ్ కప్ గెలిచింది. 1960లో సర్వీసెస్ సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు నాయకుడు ఆయనే. తర్వాత కలకత్తా వెళ్లి మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మూడింటికీ ఆడారు. ఆ ఊళ్లో ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు మారడమంటే పార్టీ ఫిరాయించడం కన్నా పెద్ద నేరం. మూడు చోట్లా మన్నన పొందారంటే చేతుల్లో ఏదో ఉండి ఉండాలి.

దేశం తరఫున 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్ జట్లలో ఉన్నారు. మెల్‌బోర్న్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుని, హంగరీ చేతిలో 1-2తో ఓడాం. ఇప్పుడు చదివితే పొరపాటున అచ్చయినట్టుండే స్కోర్లు ఇవి. అంతకు కొన్నేళ్ల ముందే, 1952 హెల్సింకీలో యుగోస్లావియా మనకు 10 గోల్స్ కొట్టింది. మనవాళ్లలో చాలామంది అప్పటికి బూట్లు లేకుండా ఆడేవాళ్లు. ఆ పది గోల్స్ తర్వాత వచ్చిన తరం తంగరాజ్‌ది. 1964 ఆసియా కప్‌లో మనం రన్నరప్ అయిన జట్టులోనూ ఆయన ఉన్నారు. ఆ జట్టు కోచ్ హ్యారీ రైట్ అనే ఆంగ్లేయుడు. విశేషమేమంటే ఆయన కూడా ఒకప్పటి గోల్‌కీపరే. 1967లో తంగరాజ్‌కు అర్జున అవార్డు వచ్చింది.

1971లో ఆట మానేసి కోచ్ అయ్యారు. మొదట గోవాలో వాస్కో క్లబ్బు, తర్వాత అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, చివరగా బొకారో స్టీల్ ప్లాంట్ ఫుట్‌బాల్ అకాడమీ డైరెక్టర్ పదవి. పటం తీసి ఈ మూడు ఊళ్లూ కలుపుతూ గీత గీస్తే అది హైదరాబాద్ మీదుగా పోదు, జాతీయ జట్టు కోచ్ గది మీదుగానూ పోదు. 2008 నవంబర్ 24న బొకారోలోనే మరణించారు.

గోల్‌కీపర్‌కు ఆటలో ఒక సౌకర్యం ఉంది. పది మంది వీపులు, ఎదుటి పది మంది ముఖాలు అతనికి ఒకేసారి కనిపిస్తాయి. ఏ డిఫెండర్ ఎప్పుడు పక్కకు జరిగాడో, ఏ వింగర్ వెనక్కి రావడం మానేశాడో అందరికన్నా ముందు తెలిసేది అతనికే. తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉంటాడు. ఇంతకన్నా కోచ్‌కు కావాల్సిన శిక్షణ ఏముంటుంది? అయినా ప్రపంచమంతటా గోల్‌కీపర్లకు గోల్‌కీపింగ్ నేర్పే పని దొరికినంత తేలిగ్గా జట్టు పగ్గాలు దొరకవు. అతను ఆటలో లేడు, ఆటను చూస్తున్నాడనే అపోహ ఒకటి ఉంది. ఇటలీ మాజీ గోల్‌కీపర్ డినో జోఫ్ నలభై ఏళ్ల వయసులో 1982 ప్రపంచకప్ గెలిచిన కెప్టెన్. కోచ్‌గా యువెంటస్‌కు 1990లో యుయెఫా కప్ తెచ్చారు. 2000 యూరో ఫైనల్లో చివరి క్షణాల దాకా ఆధిక్యంలో ఉన్న ఆయన జట్టు గోల్డెన్ గోల్‌తో ఫ్రాన్స్ చేతిలో ఓడింది. జిదానేను కట్టడి చేయడం తెలియలేదని రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ ఎద్దేవా చేస్తే, జోఫ్ మారు మాట్లాడకుండా రాజీనామా చేసి వెళ్లిపోయారు. గోల్ పడితే తప్పెవరిదైనా నింద తన మీదే పడుతుందని గోల్‌కీపర్‌కు అలవాటే.

మన దగ్గర నింద కూడా పడలేదు, ఎందుకంటే అవకాశమే రాలేదు. ఆటగాడికిచ్చే అర్జున 1961 నుంచి ఉంది. కోచ్‌కిచ్చే ద్రోణాచార్య 1985లో గానీ మొదలవలేదు. హైదరాబాద్‌కే చెందిన డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ జాతీయ కోచ్ అయ్యారు, 1990లో ద్రోణాచార్య అందుకున్నారు. ఆ మేరకు సంతోషమే. గోల్‌కీపర్లలో పై పదవికి ఎగబాకినవారంటే కల్యాణ్ చౌబే పేరు చెప్పాలి. ఆయన 2022లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యారు. అది పరిపాలన కుర్చీ. మైదానం పక్కన ఉండే బెంచీ కాదు.

బొకారోను చిన్నచూపు చూడక్కర్లేదు. సోవియట్ సాయంతో కట్టిన ఆ ఉక్కు పట్టణంలో కర్మాగారం, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, మైదానం అన్నీ ఒకే యాజమాన్యానివి. ఆటగాడికి ఉద్యోగం, పిల్లవాడికి బంతి, కోచ్‌కు జీతం, వీటన్నిటినీ ఒక కంపెనీ చూసుకునే పద్ధతి మన ఫుట్‌బాల్‌ను దశాబ్దాల పాటు మోసింది. జంషెడ్‌పూర్‌లో టాటా అకాడమీ 1987 నుంచి చేసిన పనీ ఇదే. ఒలింపిక్స్ చూసి వచ్చిన మనిషి ఉక్కు కార్మికుల ఊళ్లో కుర్రాళ్లకు బంతి ఎలా పట్టాలో నేర్పడం నిజానికి గొప్ప సంగతి. పైగా ఆయన నేర్చుకున్న విద్యే మధ్యలో మారిపోయింది. తోటివాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదని 1992లో కొత్త నియమం వచ్చింది. అంతవరకు చేతులతో బతికినవాడికి కాళ్లు కూడా కావాల్సి వచ్చాయి. యాభైల్లో, అరవైల్లో ఆడినవాడు తన అనుభవంలో లేని పనిని పిల్లలకు నేర్పాల్సిన రోజులవి. సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలైన గోల్‌కీపర్‌కు ఆ విషయంలో కాస్త వెసులుబాటు ఉండే ఉంటుంది.

అడగాల్సిన ప్రశ్న బొకారోకు కాదు, హైదరాబాద్‌కు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. అమ్ముగూడ తులసీదాస్ బలరాం ఈ ఊరివాడే. 1956 ఒలింపిక్ జట్టులో ఇక్కడి ఆటగాళ్లే అరడజనుకు పైగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ 1966లో సంతోష్ ట్రోఫీ గెలిచాక ఆ ట్రోఫీ మళ్లీ ఇటు రాలేదు. ఇంతమంది ఆడినవాళ్లున్న ఊరు వాళ్లలో ఎంతమందిని పిలిచి పిల్లల్ని అప్పగించింది? రహీం పోయాక ఆయన పద్ధతిని కొనసాగించే ఏర్పాటు ఇక్కడ నిలబడలేదు. బలరాం బెంగాల్లో స్థిరపడి 2023లో అక్కడే పోయారు. తంగరాజ్ సంగతి చెప్పాం. గవర్నమెంటు ఉద్యోగం, పోలీసు ఉద్యోగం ఇచ్చి ఆటగాణ్ని పట్టుకోవడం తెలిసిన ఊరికి, ఆట అయిపోయాక అతన్ని ఎలా వాడుకోవాలో తెలియలేదు.

2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. హైదరాబాద్ ఎఫ్‌సి గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి కేరళ బ్లాస్టర్స్ కొట్టిన మూడు కిక్కులు ఆపి కప్పు తెచ్చిపెట్టాడు. కట్టిమణి గోవా కుర్రాడు. మూడేళ్ల తర్వాత, 2025లో, ఆ ఫ్రాంచైజీ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.