శిస్తు రసీదులో తాతను వెదకమనే రాజ్యం

వలస వచ్చిన పూర్వీకుల జాడను పాత భూమి దస్తావేజులలో వెదకడం అమెరికాలో తీరిక కలిగినవారి వ్యాపకం. అస్సాంలో అది పౌరసత్వం మీద విచారణ.

జాతీయ పౌర పట్టికలో (ఎన్‌ఆర్‌సీ) చేరాలంటే 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందే తానో తన పూర్వీకుడో అక్కడ ఉన్నట్టు చూపాలి. 1951 నాటి పట్టిక, పాత ఓటర్ల జాబితాలతోపాటు భూమి, కౌలు పత్రాలనూ అందుకు అంగీకరించారు. వినడానికి న్యాయంగానే ఉంది. ఆ పత్రాలు ఎవరు, ఎందుకు రాశారన్నదే ప్రశ్న.

మైమన్‌సింగ్ రైతులు బ్రహ్మపుత్ర లోయకు దొంగచాటుగా రాలేదు. బీడు సాగులోకి వచ్చి శిస్తు పెరుగుతుందనే వలస పాలకులు వారిని రానిచ్చారు. స్థానికుల నిరసన పెరిగాక 1920లో ‘లైన్ సిస్టం’ తెచ్చి, ఏ గీతకు ఏ వైపున ఎవరుండాలో నిర్ణయించారు. దఫ్తరంలో రాసుకున్నది శిస్తు లెక్కే. ఎందరికో దక్కినవి వారసత్వ హక్కు లేని ఏడాది పట్టాలు. మన గోదావరి లంకల వంటి ‘చోర్’ భూములనైతే నదే మింగేసింది. 1950 నుంచి 4.27 లక్షల హెక్టార్లు కోతకు గురైనట్టు ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. పొలం పోయి, ఇల్లు పోయి, ఊరు మారినవాడు పట్టా మాత్రం భద్రపరచుకోవాలట!

ఆడవారి అవస్థ మరీ ఘోరం. తండ్రి పట్టాలో కూతురి పేరుండదు. ఓటు వయసు రాకముందే పెళ్లయి వెళ్లిపోతే పుట్టింటి ఓటర్ల జాబితాలోనూ ఉండదు. పైగా భూమి శిస్తు రసీదులు పౌరసత్వానికి రుజువు కావని 2020 ఫిబ్రవరిలో గువాహటి హైకోర్టు తేల్చింది. తాతల చేత శిస్తు కట్టించుకున్న రాజ్యం మనుమరాలి చేతిలోని రసీదును కాదంటోంది. పహాణీలో ఒక్క అక్షరం తప్పు దిద్దించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో తెలిసిన తెలుగువారికి ఇది వివరించనక్కరలేదు.

అస్సామీల భాషాభూముల ఆందోళన కల్పితమని నేననను. ముల్కీ వివాదం చూసిన నేల మనది. కానీ ఆ ఆందోళనకు జవాబు చెప్పవలసింది వలసను ప్రోత్సహించిన ప్రభుత్వాలు, ఓట్ల కోసం కళ్లు మూసుకున్న పార్టీలు. శిక్ష మాత్రం కాగితం లేనివారికి పడింది.

2019 ఆగస్టు 31న విడుదలైన తుది జాబితాలో 19,06,657 మందికి చోటు దక్కలేదు. ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలంటే తిరస్కరణ పత్రం కావాలి. ఏళ్లు గడిచినా దాన్ని వారికి అందజేయలేదు.