డేరా ఎక్కడ వేయాలి?

ఊరు మారదామనుకున్న మనిషి ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని, మొదటి పేజీ మీద డెహ్రాడూన్ అని తెలుగులో ఒకసారి, దాని కింద ఉర్దూలో ఒకసారి రాసుకున్నాను. ఇరవై ఏళ్ళ నుంచి ఈ రెండు భాషల పత్రికల మధ్య అటూ ఇటూ తిరుగుతూ బతుకుతున్నవాణ్ణి. ఏది రాసినా రెండుసార్లు రాయటం అలవాటైపోయింది.

ఎందుకు వెళ్ళాలనుకున్నాం? మా ఆవిడకు హైదరాబాద్ దుమ్ము పడటం లేదు. చలికాలం వస్తే రాత్రంతా కూచునే నిద్రపోతుంది. మా అమ్మాయికి అడవుల చదువు మీద మనసుంది. ఆ చదువుకు డెహ్రాడూన్‌ని మించిన ఊరు లేదు. 1906 నుంచీ అక్కడ అటవీ పరిశోధన సంస్థ ఉంది. పైగా అక్కడొక చోట ఉర్దూ, హిందీ, తెలుగు మూడూ వచ్చిన అనువాదకుడు కావాలన్నారు. ఇన్ని కారణాలు ఒక్కచోట కలవటం మా ఇంట్లో అరుదు.

సరే, వాకబు మొదలుపెట్టాను. సముద్రమట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తు. ఉత్తరాన ముస్సోరీ కొండలు, దక్షిణాన శివాలిక్ గుట్టలు, నడుమ లోయ. లోయకే డూన్ అని పేరు. 2011 లెక్కల్లో ఊరి జనాభా అయిదున్నర లక్షలు దాటింది. 2000లో ఉత్తరాఖండ్ రాష్ట్రం వచ్చి రాజధాని అయ్యాక ఊరు కొండల వైపు పాకింది. వాన మన హైదరాబాద్‌కి రెండింతలు పైనే. ఊరి నడుమ నుంచి పోయే రిస్పనా, బిందాల్ నదులు ఎండాకాలం రాళ్ళకుప్పల్లా ఉంటాయి, వానాకాలం పగబట్టినట్టు వస్తాయి. 2025 సెప్టెంబరులో సహస్రధార వైపు కుంభవృష్టి కురిసి దుకాణాలూ రోడ్లూ కొట్టుకుపోయాయి. అందుకని నదుల ఒడ్డున ఇల్లు వద్దు అని రాసుకున్నాను. హిమాలయం అడుగున భూమి కదులుతూనే ఉంటుంది కాబట్టి పాత మేడ వద్దు అని కూడా రాసుకున్నాను. 1980లలో సున్నపురాయి గనులు ముస్సోరీ కొండల్ని తొలిచేస్తుంటే సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని చాలా గనులు మూయించిందని చదివి సంతోషపడ్డాను. కొండకు కూడా కోర్టులో వకీలు దొరికాడు కదా అనుకున్నాను.

ఆరు పేజీలు నిండాయి. మా ఆవిడ అన్నీ చదివి, అద్దాలు తీసి పక్కన పెట్టి అంది: "సబ్ దేఖే జీ. అప్‌నే కూ ఘర్ కోన్ దేతా, వో దేఖే?"

అన్నీ చూశారు సరే, మనకు ఇల్లు ఎవరిస్తారో చూశారా?

ఏడో పేజీ అక్కడ మొదలైంది. ఈ వ్యాసం ఆ ఏడో పేజీ గురించే.

మొదటి ఫోను ఒక రిటైరైన పెద్దమనిషికి చేశాను. నా ఉర్దూ విని ఆయన మురిసిపోయారు. ఇంత తియ్యగా మాట్లాడేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు అన్నారు. రెండు గదులు, వంటిల్లు, ముందు లీచీ చెట్టు, కిరాయి మా తాహతుకు సరిపోయేదే. చివర్లో, ఫోను పెట్టేసేముందు, పేరడిగారు. చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "మా అబ్బాయిని ఒకసారి అడగాలి" అన్నారు. ఆ అబ్బాయి ఇంతవరకూ ఏమీ చెప్పలేదు. రెండో ఆవిడ ముందే, "మేం శాకాహారులకే ఇస్తాం" అంది. మేం గుడ్డు కూడా వండం అంటే ఇస్తారా అని అడిగాను. అయినా కష్టమే అంది. నిజం చెప్పినందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను. గఢ్వాల్ కొండల్లో బ్రాహ్మణ ఇళ్ళల్లో కూడా మేకమాంసం వండుకునే అలవాటు మామూలు. అక్కడ శాకాహారం అన్నది నాలుక రుచికి సంబంధించిన మాట కాదు. నీ పేరు మాకు పడదు అని అనటానికి దొరికిన మర్యాదైన మాట.

ఇలా తొమ్మిది ఫోన్లు. ఒక్కరూ తిట్టలేదు. అందరూ జనాబ్ అనే పిలిచారు. దీన్ని మనవాళ్ళు సంస్కారం అంటారు.

ఆ తర్వాత ఆ ఊరి చరిత్ర తీశాను. నన్ను వద్దంటున్న ఊరు ఎవరిదో తెలుసుకోవాలనిపించింది. ఊరి పేరులోనే డేరా ఉంది. 1676 ప్రాంతంలో సిక్కు గురువు హర్‌రాయ్ కొడుకు రామ్‌రాయ్ తనవాళ్ళకు దూరమై వచ్చి ఈ లోయలో డేరా వేశాడు. ఆయనకు చోటివ్వమని గఢ్వాల్ రాజు ఫతే షాకు సిఫారసు పంపింది ఎవరనుకున్నారు? ఔరంగజేబు. ఊళ్ళో ఇప్పటికీ ఉన్న రామ్‌రాయ్ దర్బార్‌ను చూస్తే గుమ్మటాలూ మీనార్లూ అన్నీ ముఘల్ పనితనమే. ఆ ఊరికి పేరు తెచ్చిన బాస్మతి విత్తనం, ముస్సోరీలో బందీగా ఉన్న కాబూల్ అమీర్ దోస్త్ మొహమ్మద్ తెప్పించిందని అక్కడివాళ్ళే చెప్పుకుంటారు. ఆయన మనవడు యాకూబ్ ఖాన్ 1879లో గద్దె వదులుకుని ఇండియాకు వచ్చి, 1923లో డెహ్రాడూన్‌లోనే కన్నుమూశాడు. 1947లో పంజాబు నుంచి శరణార్థులు వచ్చి పడ్డారు. 1959 తర్వాత టిబెటన్లు వచ్చారు, క్లెమెంట్ టౌన్‌లో మఠం కట్టుకున్నారు. అలిగి వచ్చినవాడు, ఓడి వచ్చినవాడు, తరిమితే వచ్చినవాడు, అందరికీ ఆ లోయలో చోటు దొరికింది. దొరకాల్సిందే, నాకు ఫిర్యాదు లేదు. పెట్టే బేడా సర్దుకుని, అడ్వాన్సు పట్టుకుని, రసీదు తీసుకుని వస్తానన్న హైదరాబాదీకి మాత్రం లేదా అనేదే నా సవాలు.

ఇది తొమ్మిది మంది ఇళ్ళవాళ్ళ సంగతేనా? కాదు. 2025 మార్చి 31న ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి పదిహేనుకు పైగా ఊళ్ళ పేర్లు మారుస్తామని ప్రకటించాడు. అందులో డెహ్రాడూన్ శివార్లలోని మియాఁవాలా ఉంది. మియాఁ కనపడగానే తురక పేరనుకున్నారు. తీరా చూస్తే అది అక్కడి రాజపుత్రుల బిరుదట. ఊరివాళ్ళే రోడ్డెక్కి, ఇది మా తాతల పేరు అని అరిచారు. పేరు చూసి వెలేసేవాడికి చివరికి తనవాడెవడో కూడా గుర్తుండదు.

2024 జూలైలో కావడి యాత్ర దారిలో హోటళ్ళ మీద యజమానుల పేర్లు రాయమన్నారు. ఢిల్లీ నుంచి డెహ్రాడూన్ పోయే దారి ముజఫర్‌నగర్ మీదుగానే. హరిద్వార్ జిల్లాలోనూ అదే హుకుం. చాయ్ తాగేవాడికి చాయ్ రుచి చాలదా, పోసిన చెయ్యి మతం కూడా తెలియాలా? జూలై 22న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నేను ఫోన్లో ఎదుర్కొంటున్నది ఆ హుకుమే కదా? దాని మీద స్టే ఎవరిస్తారు?

ఇక ఉమ్మడి పౌరస్మృతి. 2025 జనవరి 27 నుంచి అక్కడ అమల్లో ఉంది. ఏడాది అక్కడ కాపురముంటే మేమూ దాని కిందికి వస్తాం. బహుభార్యత్వం నిషేధిస్తే మా ఆవిడకు అభ్యంతరం లేదు, నాకూ లేదు. ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇవ్వటం కూడా న్యాయమే. ఆ మాట చట్టం చెప్పేదాకా ఆగిన మన పెద్దలు సిగ్గుపడాలి. కాని షెడ్యూల్డ్ తెగలను ఆ చట్టం నుంచి మినహాయించారు. మంచిదే, వాళ్ళ ఆచారం వాళ్ళ ఇష్టం. మరి ఒకరి ఆచారాన్ని సంస్కృతి అనీ, ఇంకొకరి ఆచారాన్ని నేరం అనీ చూసే చట్టానికి ఉమ్మడి అన్న పేరెందుకు?

నోటుబుక్కులో రెండు సంగతులు పక్కపక్కనే రాసుకున్నాను. రెండూ ఒక్క జిల్లావే. రెండూ ఒక్క ఏడాదివే.

2023 జూన్. ఉత్తరకాశీ జిల్లా పురోలా. ఒక మైనరు బాలికను ఎత్తుకుపోబోయారని ఇద్దరు కుర్రాళ్ళ మీద కేసు పెట్టారు. ఒకడు ముస్లిం, ఒకడు హిందువు. శిక్ష మాత్రం ఊళ్ళోని ముస్లిం దుకాణాలకు పడింది. జూన్ 15 లోపు ఖాళీ చేసి వెళ్ళమని పోస్టర్లు అంటించారు. షట్టర్ల మీద నల్ల రంగుతో కాటా గుర్తులు వేశారు. ఏళ్ళ తరబడి అక్కడ బట్టలు కుట్టినవాళ్ళు, జుట్టు కత్తిరించినవాళ్ళు రాత్రికి రాత్రి కొండ దిగారు. మరుసటేడు మే నెలలో కోర్టు ఆ ఇద్దరినీ నిర్దోషులని వదిలేసింది. దుకాణాలు పోయినవాళ్ళకు ఆ తీర్పు ఏ తాళం తెరిచింది?

అదే 2023 నవంబరు. అదే ఉత్తరకాశీ జిల్లా సిల్‌క్యారా. సొరంగం కూలి 41 మంది కూలీలు లోపల ఇరుక్కున్నారు. విదేశీ యంత్రం విరిగిపోయింది. చివరి కొన్ని మీటర్లు చేత్తో తవ్విన ఎలుకబొరియల కూలీల జట్టులో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. పదిహేడో రోజున అందరూ ప్రాణాలతో బయటికొచ్చారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. మూడు నెలలు తిరిగేసరికి, 2024 ఫిబ్రవరిలో, ఆ జట్టులోని వకీల్ హసన్ ఇంటిని ఢిల్లీలో ఆక్రమణ అని చెప్పి కూలగొట్టారు.

కొండ లోపల మా చేతులు కావాలి. కొండ మీద మా బోర్డు వద్దు. ఇంతకంటే విప్పి చెప్పటం నాకు చేతకాదు.

నా అభ్యుదయ మిత్రులకు ఇదంతా చెప్పాను. ఒకాయన, "నువ్వు మరీ ఊహించుకుంటున్నావు, ఇళ్ళవాళ్ళకు వంద కారణాలుంటాయి" అన్నారు. ఇంకొకాయన, "ముందు మా పేరుతో తీసుకో, తర్వాత చూద్దాం" అన్నారు. ప్రేమతోనే అన్నారు. అయ్యా, మీరు బదిలీ మీద ఊరు మారినప్పుడు నోటుబుక్కు ఎన్ని పేజీలకు ముగిసింది? బడి, బజారు, నీళ్ళు, కిరాయి. అంతే కదా. మీకు ఏడో పేజీ లేదు. లేకపోవటం మీ తప్పు కాదు. నాకు ఉందని చెప్పినప్పుడు నమ్మకపోవటం మీ తప్పు. లౌకికత్వం గురించి సభల్లో గంటలు మాట్లాడతారు. మీ అపార్టుమెంటు సంఘంలో 'ఫ్యామిలీస్ ఓన్లీ, వెజ్ ఓన్లీ' అని తీర్మానం చేసిన రోజు ఎవరైనా లేచి నిలబడ్డారా? ముస్లింలకు కోరినచోట ఇల్లు దొరకటం కష్టంగా ఉందని సచార్ కమిటీ నివేదిక 2006లోనే రాసింది. అది చదవటానికి డెహ్రాడూన్ దాకా పోనక్కర లేదు. హైదరాబాద్ చాలు.

మావాళ్ళనూ వదలను. మా పెద్దమామూ విని, "మనోళ్ళ మధ్యే ఉండు బేటా, అక్కడే ఇజ్జత్" అన్నారు. ఏ మనోళ్ళు? సయ్యదులు, పఠాన్లు మా ఇంటికి పిల్లనిస్తారా? దూదేకుల వాడు ఇమామ్ వెనక మొదటి వరసలో నిలబడితే ఎన్ని కళ్ళు చిట్లుతాయో నేను చూడలేదా? గోడ కట్టింది అవతలివాడే అయినా, దానికి సున్నం కొట్టి ఖిలా అని పేరు పెట్టుకుంది మనమే. బస్తీలో ఉండటం మన ఇష్టమైతే అది ఇల్లు. ఇంకెక్కడా ఇవ్వక అక్కడ ఉంటే అది బందిఖానా. ఈ రెంటికీ తేడా చెప్పని మౌల్వీసాబులూ లీడర్లూ ఆ గోడ మీదే ఓట్లు ఆరేసుకుంటున్నారు.

నా సంగతి కూడా ఒప్పుకోవాలి. నాకు నోటుబుక్కు కొనుక్కునే తీరిక ఉంది. నచ్చకపోతే ఆగిపోయే వీలుంది. బిజ్నోర్ నుంచి, సహారన్‌పూర్ నుంచి కత్తెరా దువ్వెనా పట్టుకుని, రంపం పట్టుకుని, కూరగాయల గంప ఎత్తుకుని ఆ కొండలెక్కే మనిషికి వాకబు లేదు. ఆకలే ఆయనకు టిక్కెట్టు. గుర్తు పడేది ఆయన షట్టర్ మీద, నా నోటుబుక్కు మీద కాదు. నాకు జరిగింది అవమానం. ఆయనకు జరిగింది ఉపాధి పోవటం. రెండూ ఒకటే అని నేను రాస్తే అది దొంగ లెక్క అవుతుంది. కాని రెండూ ఒకే చెట్టు కాయలు.

కాబట్టి నేను పద్ధతి మార్చాను. ఇప్పుడు ఫోను ఎత్తగానే మొదటి మాటగా పేరు చెబుతున్నాను. తర్వాతే గదుల సంగతి, నీళ్ళ సంగతి. లీచీ చెట్టు వర్ణన వినేశాక కాదు, దాని మీద మనసు పడ్డాక కాదు. ముందే. కాదనేవాళ్ళు రెండు నిమిషాల్లో తేలిపోతున్నారు. మొహమాటం నాది కాదు, వాళ్ళది కావాలి. ఇన్నాళ్ళూ ఊరిని నేను పరీక్షిస్తున్నాననుకున్నాను. నిజానికి నన్నే పరీక్షిస్తున్నారు. ఇక నుంచి ఆ పరీక్ష ఊరికి. మూడొందల యాభై ఏళ్ళ కింద ఒక పరాయివాడి డేరాకు చోటిచ్చి ఆ డేరానే తన పేరుగా పెట్టుకున్న ఊరు, ఇవాళ రెండు గదులకు పాసవుతుందా లేదా?

ఇల్లు ఇంకా దొరకలేదు. అమ్మాయి దరఖాస్తు పంపించింది. మా ఆవిడ నిన్న బజారు నుంచి చిన్న చెక్క ఫలక తెచ్చింది. దాని మీద ముగ్గురి పేర్లూ నిండుగా రాయించింది, ఉర్దూలో, తెలుగులో, హిందీలో. తలుపు లేకుండా ఫలక ఎందుకంటే, "తలుపు వాళ్ళిస్తారు, పేరు మనదే కదా" అంది.

నోటుబుక్కులో ఎనిమిదో పేజీ ఖాళీగా ఉంది. దాన్ని నింపాల్సింది నేను కాదు.